పూల్ నేర్చుకుందాం, 5వ పాఠం: దూరపు సూటి షాట్

పోయిన పాఠంలో బ్రిడ్జ్ చెయ్యి, అంటే క్యూను (కొట్టే కర్రను) టేబుల్ మీద ఆనించుకునే చెయ్యి గురించి చెప్పుకున్నాం. అది ఇంకా వణుకుతుంటే ఈ పాఠం రెండు రోజులు ఆపి, ముందు ఆ చెయ్యి సంగతి చూడండి. తొందరేం లేదు.

ఈసారి షాట్ చూడ్డానికి చాలా తేలిక. వైట్ (మనం క్యూతో కొట్టే తెల్ల బాల్), అది తాకి పాకెట్‌లో వేయాల్సిన బాల్, పాకెట్ మూడూ ఒకే గీత మీద ఉంటాయి. అయినా హన్మకొండలో నేను ఆట మొదలుపెట్టినప్పుడు నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. పక్కకు కోసి కొట్టే షాట్లు, అంటే బాల్‌ను ఒక పక్కన తాకించి పంపేవి, పడేవి, ఎదురుగా ఉన్నది మాత్రం పాకెట్ మూతికి తగిలి బయటికొచ్చేది.

మనలో చాలామంది క్యారమ్ నుంచి వచ్చినవాళ్లం. క్యారమ్ బోర్డు లోపలి కొలత 74 సెంటీమీటర్లు. 9 అడుగుల పూల్ టేబుల్ ఆడే చోటు పొడవు 254 సెంటీమీటర్లు. అంత దూరంలో చిన్న తప్పు ఎంత పెరుగుతుందో ఒక్కసారి లెక్క చూద్దాం. బాల్ వ్యాసం 57 మిల్లీమీటర్లు, మూల పాకెట్ మూతి సుమారు 115. వైట్‌కు, బాల్‌కు మధ్య 50 అంగుళాలు, బాల్ నుంచి పాకెట్‌కు ఇంకో 50 అంగుళాలు ఉన్నాయనుకోండి. బాల్ పడాలంటే వైట్ అసలు గీత నుంచి అటో ఇటో మిల్లీమీటరున్నర కూడా జరగకూడదు.

అదే బాల్ పాకెట్‌కు 10 అంగుళాల దగ్గర ఉండి, వైట్ 90 అంగుళాల దూరంలో ఉంటే పని దాదాపు మూడు రెట్లు తేలికవుతుంది. వైట్, బాల్ రెండూ దగ్గరగా ఉండి పాకెట్ దూరంగా ఉన్నా అంతే. బాల్ సరిగ్గా నడిమధ్యలో ఉన్నప్పుడే అన్నిటికన్నా కష్టం. కాబట్టి ఆ షాట్ తప్పితే మనసు చిన్నబుచ్చుకోకండి, కానీ సాధన మాత్రం దాని మీదే చేయాలి.

ముందు షాట్ నిజంగా సూటిగా ఉందో లేదో చూసుకోవాలి. కంటి అంచనాతో బాల్స్ పెట్టి, అవి కాస్త వంకరగా ఉంటే, తప్పు చేతిదో అమరికదో తెలియదు. ఒక నూలు దారం తీసుకోండి. వరంగల్ కొత్తవాడలో షత్రంజీలు (జంపఖానాలు) నేసే మగ్గం మీద పడుగు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు, బిగించి లాగిన దారం వంకర పోదు. ఇద్దరు చెరోవైపు పట్టుకుని, ఒక మూల పాకెట్ మధ్య నుంచి ఎదురు మూల పాకెట్ మధ్యకు బాల్స్ మీదుగా లాగండి. రెండు బాల్స్ నడినెత్తి మీదుగా దారం వెళ్లేలా సర్ది, తర్వాత తీసేయండి.

ఇక నిలబడటం. గీత చూడాల్సింది నిటారుగా ఉన్నప్పుడు. వైట్ వెనక రెండడుగుల దూరంలో నిలబడి, పాకెట్ నుంచి బాల్ మీదుగా వైట్ దాకా చూపు తెచ్చుకుని, ఆ గీతలోకే నడిచి వచ్చి వంగాలి. పక్క నుంచి వచ్చి వంగి, కిందికొచ్చాక క్యూ అటూ ఇటూ జరిపితే ఒళ్లు ఒకవైపు, క్యూ ఒకవైపు అవుతాయి. సరిగా లేదనిపిస్తే లేచి మళ్లీ రండి. గోటీలాటలో లాగా ఒక కన్ను మూయకండి. రెండు కళ్లూ తెరిచే, గడ్డం కింద క్యూ ఎక్కడుంటే గీత సూటిగా కనిపిస్తుందో వెతుక్కోండి. కొందరికి నట్టనడుమ, కొందరికి కాస్త కుడికో ఎడమకో ఉంటుంది.

పార్లర్‌లో ఒక పెద్దన్న నాతో అన్న మాట ఈ పాఠానికి ప్రాణం: "బాల్ ఎటు వోయిందని కాదు తమ్మీ, వైట్ ఏం జేసిందో సూడు." ఆ రోజు నుంచి నా ఆట మారింది.

వైట్‌ను నడుమ గీత మీద, మధ్యకు కొంచెం కింద కొట్టండి. దూరం పెరిగేకొద్దీ ఇంకాస్త కింద కొట్టాలి, ఎందుకంటే గుడ్డ రాపిడికి వెనక్కి తిరిగే స్పిన్ దారిలోనే కరిగిపోతుంది. బాల్‌ను తాకే క్షణానికి వైట్ ఎటూ దొర్లకుండా జారుతూ ఉంటే, తాకిన చోటే నిలిచిపోతుంది. నిలిచి కదలకపోతే షాట్ సరైనది. నిలిచిన చోటే బొంగరంలా తిరిగితే టిప్ (క్యూ కొన) నడుమ తగల్లేదు, పక్కకు తగిలింది. తిరక్కుండా ఎడమకు జరిగితే వైట్ గీతకు ఎడమగా వెళ్లింది, అందుకే బాల్ కుడికి తప్పింది. అంటే గురి లోపం, లేదా నిలబడటంలో లోపం. ఈ రెండు తప్పులకూ మందు వేరు, అందుకే కలిపేయకండి.

టిప్ పక్కకు తగులుతోందని అనుమానం వస్తే వైట్ బదులు చారల బాల్ పెట్టండి. చార నిలువుగా, మీరు కొట్టే దిక్కుకు సూటిగా ఉండాలి. దాన్ని ఒక్కదాన్నే ఎదుటి కుషన్‌కు (టేబుల్ అంచుకు) మెల్లగా కొట్టండి. చార చక్రంలా తిన్నగా దొర్లితే మంచిది. అల్లాడితే సైడ్ స్పిన్ పడుతోంది. నాకు వారం రోజులు అల్లాడింది. కారణం చివర్లో పిడికిలి బిగించడం. క్యూను పక్షిపిల్లను పట్టుకున్నంత మెత్తగా పట్టుకోవడం అలవాటయ్యాకే అది ఆగింది.

గట్టిగా కొట్టాలనే టెన్షన్ వదిలేయండి. బలం పెంచితే భుజం కదులుతుంది, తల లేస్తుంది. బాల్ పాకెట్‌లో పడిన చప్పుడు వినేదాకా తల లేపకండి.

మొదట వైట్‌ను బాల్‌కు ఒక డైమండ్ దూరంలో, అంటే టేబుల్ అంచు చెక్క మీది రెండు వరస గుర్తుల మధ్య ఉన్నంత దూరంలో పెట్టండి. 9 అడుగుల టేబుల్‌లో అది పన్నెండున్నర అంగుళాలు. పదింట్లో ఎనిమిదిసార్లు బాల్ పడి, వైట్ నిలిస్తేనే ఇంకో డైమండ్ వెనక్కి జరపండి. నాలుగు డైమండ్ల దాకా రావడానికి నెల పట్టినా పట్టవచ్చు. ప్రతి షాట్ తర్వాత వైట్ ఎటు జరిగిందో ఒక నోటుబుక్కులో రాసుకోండి. వచ్చే పాఠంలో పక్కకు కోసి కొట్టే షాట్లు మొదలుపెడతాం. అప్పుడు ఆ నోటుబుక్కు పక్కన పెట్టుకోండి, వైట్ ఏ వైపు ఎక్కువగా జరుగుతోందో చూసి అక్కడి నుంచే గురి దిద్దుకుందాం.