ఇంట్లో విల్లు – 4వ పాఠం: వంటింటి తూకం, గిన్నెడు ఆవిరి

పోయిన పాఠంలో ముదురు వెదురు చీల్చి, బద్దను చిత్రిక పట్టి పక్కన పెట్టాం. ఇప్పుడే అల్లెతాడు కట్టి వంచి చూడాలనిపిస్తుంది. వద్దు. తడి ఉన్న బద్ద వంచితే వంగినట్టే ఉండిపోతుంది, తిరిగి రాదు. మరీ ఎండితే పుటుక్కున విరుగుతుంది. 8 నుంచి 10 శాతం తేమ దగ్గర పని మొదలుపెట్టాలి.

ఈ లెక్క చెప్పేది వంటింట్లో పిండి తూచే డిజిటల్ స్కేలు. విల్లు పనికి వంటింటి నుంచి ఒక్కటే తెచ్చుకోమంటే నేను దాన్నే తెస్తాను.

కొస తొందరగా ఆరుతుంది, నిజం చెప్పదు. అందుకని కొసన రెండంగుళాలు కోసి పారేసి, ఆ తర్వాతి ముక్క తీసుకోండి. వెంటనే తూచండి. 40 గ్రాములుందనుకుందాం. మైక్రోవేవ్‌లో తక్కువ పవర్ మీద అరనిమిషం పెట్టడం, తీసి చల్లార్చి తూచడం, మళ్లీ పెట్టడం. వరసగా మూడుసార్లు బరువు మారకపోతే నీరంతా పోయినట్టు. దగ్గరే నిలబడి చేయండి. నేను ఫోన్ మాట్లాడుతూ వదిలేశాను. పైకి బాగానే ఉన్న ముక్క లోపల బొగ్గయింది, వారం రోజులు వేడిచేసిన అన్నమల్లా పొగ వాసనే.

40 కాస్తా 34కి దిగిందా? పోయిన 6ని పొడి బరువు 34తో భాగిస్తే తేమ దాదాపు 17.6 శాతం. అదే రోజు మొత్తం బద్ద 600 గ్రాములు తూగితే, 40కి 34 వంతున అందులో పొడి వెదురు 510, మిగతాది నీరు. 9 శాతానికి రావాలంటే 510కి దానిలో 9 శాతం కలపండి, బద్ద సుమారు 556 గ్రాములకు దిగాలి. ఆ అంకె బద్ద మీదే పెన్సిల్‌తో రాసుకోండి. అక్కడిదాకా చిత్రిక ముట్టుకోకండి, లెక్క చెడుతుంది. పొడుగు బద్ద తూచేటప్పుడు స్కేలు మీద గిన్నె బోర్లించి, సున్నా చేసి, దాని మీద బద్దను అడ్డంగా నిలపండి.

ఆరబెట్టడానికి వెనక జాలీ ఉన్న పాత ఫ్రిజ్ అయితే దాని వెనక సందు చాలు, జాలీకి ఆనకుండా నిలబెట్టండి. వానాకాలం కోస్తాలో బరువు ఆగిపోయినా నమ్మకండి. గాలిలోనే తేమ ఉంటే బద్ద అక్కడే ఆగుతుంది.

ఇక వింటికొప్పులు, అంటే విల్లు రెండు కొసలు, ముందుకు వంచాలనుకునేవారికి ఆవిరి. కుక్కర్ విజిల్ గొట్టానికి పైపు తగిలించే తెలివి వద్దు. పైపు మూసుకుపోతే ప్రమాదం. లోతైన డేగిశాలో నీళ్లు మరిగించి, కొస ఒక జానెడు ముంచి, మూతి చుట్టూ తడిగుడ్డ కప్పండి. సెంటీమీటరు మందానికి అరగంట. వంచేది పైతోలు వైపుకే. అప్పుడు లోపలి వైపు పీచు సాగి లేస్తుంది కాబట్టి అక్కడ పలుచని స్టీలు స్కేలు ఆనించి, రెండూ కలిపి చెక్క అచ్చు మీదికి వంచి బిగించాలి. మందపాటి గ్లవుజులు ముందే తొడుక్కోండి. గిన్నెలోంచి తీశాక కొన్ని సెకన్లే టైము. చల్లారితే మాట వినదు.



అచ్చులో ఒక రోజు ఉంచి, విప్పి తూచండి. నీరు తాగింది కదా, బరువు పెరిగే ఉంటుంది. మళ్లీ ఫ్రిజ్ వెనక్కే. స్కేలు 556 చూపించిన రోజు 5వ పాఠం తెరవండి, అల్లెతాడు పేనుదాం.