ఘాట్‌లో ఇంజన్ వేడెక్కుతోందా? ముందు రేడియేటర్ మూత చూడండి

సమస్య: పాత మారుతి 800లోనో ఆల్టోలోనో కడప నుంచి రాయచోటి బయల్దేరారు. ఊళ్లో ఏ ఇబ్బందీ లేదు. గువ్వలచెరువు ఘాట్ సగం ఎక్కేసరికి టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు పోయింది. పైన పాలకోవా అంగళ్ల దగ్గర ఆపి బానెట్ ఎత్తితే, కూలెంట్ డబ్బా అంచుదాకా నిండి బయటికి కారుతోంది. పక్కన ఎవరో ఒకరు "హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోయింది" అంటారు. ఆ మాట మీద ఇంజన్ విప్పించకండి.

మొదట చూడాల్సింది: పొద్దున్నే, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి లోపల మట్టం చూడండి. వేడి మీద మాత్రం దాని జోలికి పోవద్దు, మొహం కాలుతుంది. అందరూ డబ్బా వైపు ఓ చూపు చూసి, నీళ్లున్నాయిలే అని వదిలేస్తారు. డబ్బా నిండుగా ఉండి రేడియేటర్ ఖాళీగా ఉండొచ్చు. ఎన్నిసార్లు చెప్పినా జనం ఈ ఒక్క పని చేయరు.

బండి నిలబడితే ముల్లు ఎక్కి, కదిలితే దిగుతుంటే ఫ్యాన్ తిరగడం లేదు. ఫ్యూజు, రిలే (ఫ్యాన్‌కు కరెంటు వదిలే స్విచ్చు), కనెక్టరు ఆ వరుసలో చూసుకోండి.

అసలు దొంగ: డబ్బా నిండి రేడియేటర్‌లో మట్టం తగ్గిందంటే నా అనుమానం ముందు మూత మీదకే పోతుంది. అది ఉత్త మూత కాదు, కుక్కర్ వెయిట్‌లాంటిది. 0.9 (అంటే 0.9 బార్ ఒత్తిడి) అని ముద్ర ఉన్న మూత సరిగ్గా పట్టి ఉంచితే లోపలి నీళ్లు 118 డిగ్రీల దాకా మరగవు. స్ప్రింగ్ బలం తగ్గినా, రబ్బరు గట్టిపడినా ఆ ఒత్తిడి నిలవదు. ఎండాకాలం చడావులో నీళ్లు ముందే మరిగి డబ్బాలోకి పోతాయి.

మూత మధ్యలో ఒక చిన్న వాల్వు కూడా ఉంటుంది. ఇంజన్ చల్లారేటప్పుడు అది తెరుచుకుని డబ్బాలోని కూలెంట్‌ను వెనక్కి పీల్చుకోవాలి. అది పట్టేస్తే పోయింది పోయినట్టే. పొద్దున చూస్తే పై హోస్ పైపు లోపలికి నొక్కుకుపోయి కనిపిస్తుంది.

ఆ వాల్వును గోటితో మెల్లగా లాగి వదలండి. టక్కున వెనక్కి కూర్చోవాలి. మన వైపు బండ్లలో దాని చుట్టూ తెల్లటి ఉప్పు పేరుకుని ఉంటుంది. మట్టం తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు పోసిన ఫలితం అది. మూత దగ్గరే అంత ఉప్పుంటే రేడియేటర్ సన్న గొట్టాల్లో ఎంత ఉంటుందో ఊహించుకోండి. దయచేసి బోరు నీళ్లు పోయకండి.

పరిష్కారం: పాత మూత మీద ఏ అంకె ఉందో అదే అంకె ఉన్న కొత్త మూత వేయండి. గట్టిగా ఉంటుందని ఎక్కువ అంకెది వేస్తే పాత పైపులు పగులుతాయి. మూత కూర్చునే అంచును గుడ్డతో శుభ్రంగా తుడవండి, అక్కడ చిన్న పెచ్చు ఉన్నా ఒత్తిడి జారిపోతుంది. పాత నీళ్లు వదిలేసి, డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంట్ పోయండి. మూత తీసే ఉంచి, చల్లని ఇంజన్‌ను స్టార్ట్ చేసి ఐడిల్‌లో వదలండి. హీటర్ ఉంటే ఫుల్ వేడి మీద పెట్టండి. పై పైపు వేడెక్కి, బుడగలు ఆగేదాకా కొంచెం కొంచెం నింపి మూత బిగించండి. గాలి మిగిలితే మళ్లీ వేడెక్కుతుంది. డబ్బాలో రెండు గీతల మధ్య ఉంటే చాలు.

మరుసటి రోజు పొద్దున మళ్లీ చూడండి. డబ్బాలో మట్టం మొదటి చోటికే వచ్చి, రేడియేటర్ గొంతుదాకా నిండి ఉంటే పని అయిపోయినట్టే.

గ్యాస్కెట్ నిజంగా పోతే, చల్లని ఇంజన్ స్టార్ట్ చేసినప్పటి నుంచే రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా వస్తాయి, చాలా బండ్లలో సైలెన్సర్ నుంచి తెల్లపొగ కూడా ఆగకుండా వస్తుంది. అప్పుడు మెకానిక్ దగ్గరికి పోండి. థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వదిలే వాల్వు), వాటర్ పంప్ చెడేది తక్కువ. మూత, ఫ్యాన్, కూలెంట్ మూడూ బాగున్నా వేడెక్కుతుంటేనే వాటి సంగతి.