జాబితాలో ఉన్న పేరు వెతికితే దొరకలేదు: నా అనుభవం

మా కార్యాలయంలో ఖాతాదారుల వివరాలు దాచుకునే సాఫ్ట్‌వేర్‌లో ‘సురేశ్ కుమార్’ అని వెతికితే ఏమీ రాలేదు. ‘కుమార్’ అంటే మాత్రం అదే మనిషి ప్రత్యక్షం. బ్రౌజర్ మార్చాను, వెతకడానికి వాడే సూచికను (ఇండెక్స్) మళ్లీ కట్టించాను, ఎక్సెల్‌లో అదనపు ఖాళీలు తీసే ట్రిమ్, ముద్రణకు రాని కొన్ని గుర్తులు తీసే క్లీన్ రెండూ వాడాను; దండగ.

చివరికి జాబితాను ఎక్సెల్‌లోకి దించి, ‘సురేశ్’ వరకే కత్తిరించి లెన్ ఫార్ములాతో పొడవు చూశాను. ఆరు రావాలి, ఏడు వచ్చింది! పొల్లు తర్వాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ (పక్క అక్షరంతో కలిసి ఒత్తుగా మారకుండా ఆపే గుర్తు) కూర్చుని ఉంది. కొన్ని తెలుగు కీబోర్డులు దీన్ని వాటంతటవే చేరుస్తాయి.

దీన్ని అన్నిచోట్లా తీసేయకూడదు. తీస్తే ‘రాజ్‌కుమార్’ కాస్తా ‘రాజ్కుమార్’ అయిపోతుంది (నేను మొదట చేసిన ఘనకార్యం అదే). అందుకే మాట చివర ఉన్నవాటినే తీయాలనుకుని, పేరు చివరిది కూడా దొరికేలా ముందు ప్రతి పేరు చివర ఒక ఖాళీ చేర్చాను. తర్వాత సబ్‌స్టిట్యూట్ ఫార్ములాతో, యూనిచార్ 8204 (ఆ గుర్తును దాని సంఖ్యతో ఇచ్చే ఫార్ములా), దాని వెంటనే ఖాళీ ఉన్నచోట ఉత్త ఖాళీ పెట్టించాను. ఆపైన ట్రిమ్. ఫలితాన్ని విలువలుగా అతికించి, ఖాతాదారు ఐడీ ఆధారంగా తిరిగి ఎక్కించాను. ఐడీ లేకుండా ఎక్కిస్తే ఒక్కొక్కరు ఇద్దరవుతారు, జాగ్రత్త.

యూనిచార్ ఎక్సెల్ 2013 నుంచే ఉంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు వెతికేటప్పుడు ఈ గుర్తును తామే వదిలేస్తాయి. అక్కడ మీ సమస్య వేరే అయి ఉండవచ్చు. ముందు ఒక్క పేరుకు పొడవు చూడండి.