ప్లాట్లు గీసే ముందే చూసుకోవలసిన నీరు, మురుగునీటి లెక్క

మంచినీటి పైపులైను గానీ మురుగు కాలువ గానీ చేరని చోట ఇళ్ల సముదాయం కట్టదలచినప్పుడు, సాధారణంగా ముందు ప్లాట్లు, రోడ్లు గీసి, ఆ తర్వాత మిగిలిన మూలలో సెప్టిక్ ట్యాంకుకు చోటు వెతుకుతారు. ఈ వరుస తిరగబడాలి. స్థలంలో ఎన్ని ఇళ్లు పడతాయన్నది, బోరులో ఎంత నీరు పడిందన్న దానికంటే, వాడిన నీటిని ఆ నేల ఎంత ఇంకించుకోగలదన్న దానిపైనే చాలాచోట్ల ఆధారపడి ఉంటుంది.

ఇంటికి 5 గురు చొప్పున 50 ఇళ్లు, మనిషికి రోజుకు 140 లీటర్లు అనుకుంటే రోజుకు 35,000 లీటర్లు కావాలి. అందులో దాదాపు 80 శాతం, అంటే 28,000 లీటర్లు, మురుగునీరుగా తిరిగి వస్తుంది. చదరపు మీటరు నేల రోజుకు 20 లీటర్లు పీల్చుకుంటుందనుకున్నా, సెప్టిక్ ట్యాంకు నుంచి వచ్చే నీటిని నేలలోకి వదిలే ఇంకుడు కందకాల అడుగు భాగమే 1,400 చదరపు మీటర్లు ఉండాలి. కందకాల మధ్య ఖాళీ దీనికి అదనం. మొదటి కందకాలు కొన్నేళ్లకు పూడుకుపోతే వాడుకోవడానికి అంతే స్థలాన్ని ఖాళీగా అట్టిపెట్టాలి.

ఆ 20 లీటర్లు నిజమో కాదో నేలనే పరీక్షించి తెలుసుకోవాలి. కందకం రాబోయే లోతు వరకు గుంట తవ్వి, పనిముట్టు రాపిడికి నున్నగా మారిన గోడలను కత్తితో గీకి, అడుగున కాస్త కంకర పోసి, రాత్రంతా నీటితో నాననివ్వాలి. పొడి నేల మొదట ఆశగా తాగేసి మనల్ని మోసం చేస్తుంది. మర్నాడు నీరు పోసి, మట్టం 25 మి.మీ. దిగడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో, ఆ అంకె నిలకడగా వచ్చేవరకు మళ్లీ మళ్లీ కొలవాలి. గంట దాటితే మామూలు కందకాలు పనికిరావు. నిమిషంలోపే దిగిపోతే అదీ మంచిది కాదు, ఎందుకంటే మురుగు శుద్ధి కాకుండానే భూగర్భజలంలో కలుస్తుంది. కందకం అడుగుకూ, వానాకాలపు గరిష్ఠ నీటి మట్టానికీ మధ్య కనీసం మీటరు పైచిలుకు పొడి నేల ఉండాలి. ఇవి కుదరనప్పుడు ఇళ్లు తగ్గించడమో, సముదాయానికంతటికీ శుద్ధి కేంద్రం పెట్టి ఆ నీటిని టాయిలెట్ ఫ్లష్‌కు, మొక్కలకు మళ్లించడమో చేయాలి.

బోరు పరీక్షను వేసవి చివర చేయించాలి. కనీసం 24 గంటలు ఆపకుండా తోడి, మట్టం ఎంత పడిపోయిందో, పంపు ఆపాక ఎంతసేపట్లో తిరిగి లేచిందో నమోదు చేయాలి; చుట్టుపక్కల బోర్లనూ అదే సమయంలో చూడాలి. ప్రయోగశాలలో, మలం కలిసిందని తెలిపే ఇ-కోలై బాక్టీరియాతో పాటు నైట్రేట్, ఫ్లోరైడ్, ఆర్సెనిక్ పరీక్షలు తప్పనిసరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన ఫ్లోరైడ్ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. క్లోరిన్‌తో సూక్ష్మజీవులు చస్తాయే గానీ ఫ్లోరైడ్ పోదు.

బోరును కందకాలకు ఎగువన, కనీసం 30 మీటర్ల దూరంలో పెట్టడం మేలు. పగుళ్లున్న రాతి నేలలో ఆ దూరం కూడా చాలకపోవచ్చు. మంచినీటి పైపు, మురుగు పైపు ఒకే కందకంలో వేయకూడదు. రెండూ దాటుకునే చోట మంచినీటిది పైన ఉండాలి.

సెప్టిక్ ట్యాంకు లోతులో మూడో వంతు మడ్డి నిండేసరికి తోడించాలి కాబట్టి, దాని మూత దగ్గరకు ట్యాంకర్ వెళ్లే దారిని ప్లానులోనే గీయాలి. ఎవరు తోడిస్తారు, ఖర్చు ఎవరిది అన్నది ఇళ్లు అమ్మే పత్రాలలోనే రాయించాలి.