పాత ఫుట్‌బాల్ క్లబ్ ఎంత పాతదో తేల్చడం ఎలా

"ప్రపంచంలోనే పాత క్లబ్ మాదే" అని ఎవరైనా అంటే వెంటనే నమ్మేయకండి, ముందు ఏ ఆట గురించి మాట్లాడుతున్నారో అడగండి. 1863లో లండన్‌లో, ఆటకి ఉమ్మడి రూల్స్ రాసిన ఫుట్‌బాల్ అసోసియేషన్ పుట్టేదాకా ఇంగ్లండ్‌లో ఒక్కో చోట ఒక్కో రూలు. కొందరు బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తేవాళ్ళు, ఎదుటివాడి కాలి మీద తన్నడం కూడా తప్పు కాదనేవాళ్ళు (అది ఆపితే ఆటలో మజా ఏముందని బ్లాక్‌హీత్ క్లబ్ అలిగి వెళ్ళిపోయింది కూడా!). కాబట్టి పేరులో ఫుట్‌బాల్ ఉందని మోసపోవద్దు, అది రగ్బీ క్లబ్ అయ్యుండొచ్చు.

తర్వాత, ఇప్పటికీ ఆడుతోందా, ప్రొఫెషనలా చూడండి. 1857లో మొదలైన షెఫీల్డ్ ఎఫ్‌సీ నేటికీ ఆడుతోంది, కానీ ప్రొఫెషనల్ క్లబ్బుల్లో పాతదంటే 1862 నాటి నాట్స్ కౌంటీని చెబుతారు. 1862 అంటే ఆ క్లబ్ పుట్టిన ఏడాదే, ప్రొఫెషనల్ అయిన ఏడాది కాదు; డబ్బులిచ్చి ఆడించడాన్ని 1885లోగానీ ఒప్పుకోలేదు మరి.

చివరగా, బ్యాడ్జీ మీది సంవత్సరం కన్నా అప్పటి పేపర్లో వచ్చిన మ్యాచ్ రిపోర్టునే నమ్మండి. స్టోక్ సిటీ క్లబ్ బ్యాడ్జీ మీద 1863 ఉంటుంది, ఆధారాలేమో 1868 వైపు చూపిస్తాయి.