డీబీఎస్ సెట్టింగులకి వెళ్లే ముందు ఇంట్లో చేయాల్సిన పని

మా నాన్నగారికి పార్కిన్సన్స్. డీబీఎస్, అంటే మెదడులో సన్నని తీగ పెట్టి కొద్దిగా కరెంటు ఇచ్చే పరికరం, పెట్టించాక అసలు పని ఆ కరెంటుని సరిచేసే సెట్టింగుల దగ్గరే మొదలైంది. 2020లో వచ్చిన పర్సెప్ట్ లాంటి పరికరాలు మెదడుకి కరెంటు ఇవ్వడమే కాదు, అదే తీగతో దాని సిగ్నల్స్ కూడా వింటాయి. మీ దాంట్లో ఈ సదుపాయం ఉందో లేదో ముందు డాక్టర్‌ని అడగండి, పాతవాటిలో చాలావరకు ఉండదు.

ముఖ్యంగా చూసేది బీటా తరంగాలు, అంటే ఆ సిగ్నల్స్‌లో సెకనుకి 13 నుంచి 30 సార్లు ఊగేవి. ఒళ్లు బిగుసుకుపోయి కదలిక మందగించినప్పుడు చాలామందిలో ఇవి ఎక్కువగా ఉంటాయి, లెవోడోపా (పార్కిన్సన్స్‌కి వాడే మందు) పనిచేశాక తగ్గుతాయి. వణుకు సంగతి మాత్రం వీటిలో అంత బాగా తెలియదు. ఈ తరంగాల గ్రాఫ్ ఒక్కటే చూస్తే డాక్టర్‌కి సగమే అర్థమవుతుంది, ఆ టైమ్‌కి మనిషి ఎలా ఉన్నాడో మనమే చెప్పాలి కదా! అందుకే మాత్ర వేసుకున్నా, కాలు నేలకి అతుక్కుపోయినా వెంటనే పరికరం రిమోట్‌లో గుర్తు పెట్టించండి, నోట్‌బుక్‌లో కూడా టైమ్ రాయండి.

ఓ సాయంత్రం విశాఖ ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర నాన్న ఠక్కున ఆగిపోయారు, చెప్పులో కాలివేళ్లు ముడుచుకుపోయాయి. 6:40 అని రాశాను. తర్వాత చూస్తే గ్రాఫ్‌లో సరిగ్గా ఆ టైమ్‌కే బీటా గుట్టలా లేచింది, డాక్టర్ మాత్ర టైమ్ ముందుకి జరిపారు.

బీటాని బట్టి కరెంటు తనంతట తానే పెంచి తగ్గించే పద్ధతికి 2025లో అమెరికాలో అనుమతి వచ్చింది, మీకు కుదురుతుందేమో అడగండి. చెకప్ రోజు పొద్దున మాత్ర మానాలో వద్దో డాక్టరే చెప్పాలి, సొంతంగా మానొద్దు.