వానాకాలంలో యాళిని బట్టీలో పెట్టే ముందు

మొన్న నగరంలోని ఒక ఉమ్మడి స్టూడియోలో యాళి (గుడి స్తంభాల మీద కనిపించే సింహంలాంటి పురాణ జీవం) మట్టిబొమ్మ ఒకటి బట్టీలో పేలింది. ఛాతీ ఊడి వచ్చింది. ఆ పెంకులు తగిలి పక్కనున్న గరుత్మంతుడి రెక్క, పై అరలో మకరం మూతి విరిగిపోయాయి. అవి వేరేవాళ్లవి. యాళి చేసినవాళ్లు కొత్తవాళ్లేం కాదు. మూడు వారాలైంది కదా, ఆరిపోయి ఉంటుందనుకున్నారు. ఏప్రిల్ ఎండల్లో ఆరేదేమో. మృగశిర కార్తె దాటాక హైదరాబాద్ గాలిలో అంత మందం అంత త్వరగా ఆరదు.

మట్టి జల్లించడం, పిసకడం మీకు తెలిసినవే. నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఒక్కటే: పైన ఆరిందంటే లోపల ఆరినట్టు కాదు. నేను చూసిన నష్టాల్లో చాలావరకు ఇక్కడే జరిగాయి.

బొమ్మ పేలగానే "గాలి బుడగ ఉండిపోయిందేమో" అంటారు. పేల్చేది గాలి కాదు, తడి. లోపల మిగిలిన నీరు 100 డిగ్రీలు దాటాక ఆవిరై 1600 రెట్లకు పైగా పెరుగుతుంది. దారి దొరక్కపోతే గోడ పగలగొట్టుకుని వస్తుంది.

చేసేటప్పుడు

ఈ పురాణ జీవాలతో చిక్కేమిటంటే మందం, పలచన ఒకే ఒంట్లో ఉంటాయి. గండభేరుండం, అంటే రెండు తలల పక్షి, రెక్కలు తొందరగా ఆరి తెల్లబడతాయి. రెండు మెడలు కలిసే చోట మాత్రం పిడికిలంత ముద్ద పచ్చిగానే ఉంటుంది. అందుకే మట్టి కత్తికి నీటుగా తెగేంత గట్టిపడగానే బొమ్మను కోసి లోపల తొలిచెయ్యండి. గోడ అంగుళం దాటకూడదు, అర అంగుళమైతే ఇంకా మంచిది. అంచులు గీసి, బురద పూసి మళ్లీ అతికించండి. తల బోలు, ఒంటి బోలు విడివిడిగా ఉంటే రెండింటికీ రంధ్రాలు పెట్టండి.

చవితి విగ్రహాల్లో కర్ర, గడ్డి పెడతారు. వాటిని కాల్చరు కాబట్టి నడుస్తుంది. కాల్చే బొమ్మలో ఇనుప తీగ పెట్టొద్దు. మట్టి ముడుచుకుంటుంది, తీగ ముడుచుకోదు. కొమ్ము నిలువునా చీలుతుంది.

ఆరబెట్టేటప్పుడు

రెక్కలు, చెవులు, కొమ్ములకు పాలిథిన్ కవర్ చుట్టి ఒళ్లు తెరిచి ఉంచండి. పీట మీద కాదు, జాలీ మీద పెట్టండి. ఫ్యాన్ నేరుగా తిప్పొద్దు. చెంపకు ఆనిస్తే చల్లగా తగిలిందా, తడి ఉన్నట్టే. చల్లగా లేకపోతే ఆరినట్టేనా? కాదు, చెంపకు తెలిసేది పైపొర సంగతే. రోజూ తూకం వేసి కాగితం మీద రాయండి. బరువు తగ్గుతున్నన్నాళ్లూ బట్టీ మాట ఎత్తొద్దు.

ఇక బట్టీ

బరువు నిలిచిపోయినా ఈ ముసురులో కొంత తడి మిగిలే ఉంటుంది. 80, 90 డిగ్రీల మధ్య రాత్రంతా ఉంచండి, మూత కాస్త తెరిచి. పొద్దున్నే బట్టీ పై రంధ్రం దగ్గర చిన్న అద్దం పట్టి చూడండి. మసకబారిందా, ఇంకా ఆగండి. పైన ఆరింది, లోపల ఆరలేదు.

600 దాటేదాకా వేడి మెల్లగా పెంచండి. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ (ఇసుకలో ఉండే ఖనిజం) ఒక్కసారిగా ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అక్కడే ముడుచుకుంటుంది. తొందరపడితే అప్పుడూ పగుళ్లు వస్తాయి. తడి నేల మీద ఆవం (బొమ్మలు, కట్టెలు పేర్చి కాల్చే కుప్ప) పేర్చొద్దు. నానిన కట్టెలు వాడొద్దు. గ్యాస్ బట్టీ మూసిన గదిలో వెలిగించొద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, తెలియకుండానే మనిషి ప్రాణం పోవచ్చు. సిలిండర్ దూరంగా పెట్టండి. చున్నీ, సింథటిక్ చొక్కా వద్దు. లోపల ఢమాల్‌మంటే మూత ఎత్తి చూడొద్దు. ఆపెయ్యండి, చల్లారనివ్వండి. 100 కిందికి దిగకుండా తెరవొద్దు. ఆర్డర్ తేదీ దగ్గరపడిందని టెన్షన్ పడి పచ్చి బొమ్మను లోపలికి తోయొద్దు, కస్టమర్‌కు ఫోన్ చేసి తేదీ జరపండి. అనుమానం ఉన్న బొమ్మను ఇతరుల బొమ్మల మధ్య పెట్టొద్దు. బట్టీ మీ సొంతమైతే, బరువులు రాసిన కాగితం చూపించనిదే ఎవరి బొమ్మా లోపల పెట్టనివ్వకండి, ఎంత దగ్గరివాళ్లైనా సరే.